మూడు రిపోర్టులు పక్కపక్కన పెట్టిన మనిషి

మేడ్చల్‌లో చిన్న ల్యాబ్ నడిపిన మా సార్ మంగళవారం పొద్దున పోయారు. ఛాతీలో నొప్పి అన్నారట, ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయిందట. ఆయన దగ్గర పనిచేసే అమ్మాయి ఫోన్ చేసేసరికి నేను జీడిమెట్ల వెళ్లే బస్సులో ఉన్నాను. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి వచ్చేశాను. ఆయన నాకు చుట్టం కాదు. కానీ ఇవాళ నా కూతురు ఆరోగ్యంగా ఉందంటే అది ఆయన ల్యాబ్‌లో మొదలైన సంగతి. అది మీకు చెప్పాలి.

పాపకు అప్పుడు నాలుగేళ్లు. రెండు నెలలకోసారి చలిజ్వరం వచ్చేది. మందు పోస్తే తగ్గేది, మళ్లీ వచ్చేది. పక్క తడిపినందుకు కసురుకునేదాన్ని. ఒకసారి కొట్టాను కూడా. మూడోసారి జ్వరం వచ్చినప్పుడు డాక్టరు మళ్లీ మూత్రపరీక్ష, దాంతోపాటు జ్వరానికొకటి, లోపలి ఇన్‌ఫెక్షన్‌కొకటి మందులు రాశారు. మందులు కొనుక్కుని, వణుకుతున్న పిల్లను భుజాన వేసుకుని ల్యాబ్‌కు వెళ్లాను. బల్ల మీద కూర్చోబెట్టి మందు సీసా మూత తిప్పుతుంటే సార్ చెయ్యి అడ్డం పెట్టారు.

"జరం తగ్గే మందు పొయ్యి. గా రెండోది సాంపిల్ ఇచ్చినంకనే. ముందుగాల పోస్తే లోపల ఏ పురుగున్నదో దొరకదు బిడ్డా."

పాపకు మూత్రం రావడం లేదు. నీళ్లు తాగించాను, బతిమాలాను. పావుగంట, అరగంట గడిచింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. పిల్లకేమైనా అయితే ఎవరిది బాధ్యత అని అడిగాను. ఆయన ఐదు నిమిషాలకోసారి వచ్చి పాప నుదురు పట్టి చూసి, గడియారం వైపు తిరిగేవారు. ఆ కాసేపు ఆయనంటే నాకు పట్టరాని కోపం. చివరికి గంట దగ్గర పడుతుండగా వచ్చింది. మొదటి ధార వదిలేసి తర్వాతది పట్టమన్నారు. సీసా ఆయన చేతికి అందగానే, "ఇగ పొయ్యి మందు" అన్నారు. ఆయన చొక్కా వీపంతా చెమటతో తడిసి ఉండటం అప్పుడు చూశాను.

మూడో రోజు కబురు పెట్టి, పాత రిపోర్టులు కూడా తెమ్మన్నారు. మూడూ బల్ల మీద పక్కపక్కన పరిచారు.

"గిది ఉట్టి జరం కాదు. మూడిట్ల మూత్రంల చీమున్నది. రోగం పేరు జెప్పుడు నా పని కాదు. పిల్లల మూత్రం రోగాలు సూసే డాక్టర్ దగ్గరికి పో. జల్దీ పో."

అంత తొందరేమిటని అడిగితే తల దించుకున్నారు. ఏళ్ల కిందట శామీర్‌పేట నుంచి ఒక పిల్లవాడు ఇలాగే మూడుసార్లు వచ్చాడట. మూడు రిపోర్టులూ ఈయనే రాశారు. తర్వాత ఆ పిల్లవాడి కిడ్నీలు ముడుచుకుపోయాయని తెలిసింది. "కాయిదాలు రాసిచ్చిన. ఒక్కసారన్న పక్కపక్కన పెట్టి సూడలే" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పెద్దాసుపత్రిలో సన్నటి గొట్టంతో మూత్రసంచిలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలు తీశారు. కిందికి పోవాల్సిన మూత్రం వెనక్కి, ఎడమ కిడ్నీలోకి పోతోందన్నారు. కిడ్నీ మీద అప్పటికే చిన్న మచ్చ పడింది. ఆపరేషన్ చేయాలని, అదీ కోత లేకుండా చేయొచ్చని డాక్టరు చెప్పినా, మా ఆయన ఆపరేషన్ అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. విసురుగా ల్యాబ్‌కు వచ్చి సార్ ఎదుట కూర్చున్నాడు.

"మూత్రం పోయే దారిలకెల్లే సన్నటి దుర్బీను పంపుతరు," సార్ నెమ్మదిగా చెప్పారు. "కిడ్నీ నాళం నోటికాడ జెల్ అసొంటి మందు సూదితోని ఎక్కిస్తరు. గక్కడ ఉబ్బి నోరు బిగుస్తది. ఒక్కసారికి ఆగకపోవచ్చు గూడ."

"ఆగకపోతే?"

"మల్ల జేస్తరు. దేనికీ ఆగకుంటే అప్పుడు కోత. నువ్వు ఊకుంటవు గానీ, కిడ్నీ ఊకోదు."

మర్నాడే మా ఆయన సంతకం పెట్టాడు. మత్తిచ్చి అరగంటలో చేశారు, సాయంత్రానికి ఇంటికి పంపారు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. మూడు నెలల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీస్తే, వెనక్కి పోవడం తగ్గింది గానీ ఆగలేదు. 

రెండోసారి చేయించాం. ఆ నెలల్లో మేం ల్యాబ్ ముందు నుంచి పోతే చాలు, సార్ లోపలి నుంచే పాపను "ఒంటికి పోయినవా?" అని అడిగేవారు. మూడు గంటలకు మించి ఆపుకోవద్దని ఆయన పట్టుదల. పాప సిగ్గుతో నా వెనక దాక్కునేది. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "పిల్ల కావాలని తడుపుతలేదు బిడ్డా. కొట్టకు" అన్నారు. నేను కొట్టానని ఆయనకు ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు.

చివరి ఎక్స్‌రే తీసిన రోజు ఇంటికి పోకుండా నేరుగా ల్యాబ్‌కే వెళ్లాం. ఫిల్ము చూడటం తన పని కాదంటూ రిపోర్టు నన్నే చదవమన్నారు. వెనక్కి పోవడం లేదని రాసి ఉంది. రెండుసార్లు చదివించుకున్నారు. అయినా మనసు ఆగలేదేమో, ఫిల్ము తీసుకుని గుమ్మంలోకి వెళ్లి ఎండకు ఎత్తి పట్టారు. పాప ఆయన మోచేతి కింద దూరి మునివేళ్ల మీద నిలబడి తనూ చూసింది. నల్లటి ఫిల్ములో మూత్రసంచి ఒక్కటే తెల్లగా ఉంది. దాని పైన, కిడ్నీ వైపు, తెల్లగా ఏమీ లేదు. లోపల సీసాలు పట్టుకుని జనం ఎదురుచూస్తున్నారు, ల్యాబ్ అమ్మాయి రెండుసార్లు పిలిచింది. ఎత్తిన చేతులు దించడానికి సార్‌కు చాలాసేపు పట్టింది.