అధ్యక్షుడు పారిపోయిన రోజున మా అమ్మాయి

మా పెద్దమ్మాయి పోయి మూడు వారాలైంది. ఇక్కడ అమెరికాలో, ఈ ట్రాయ్ ఊళ్ళో దాని చేత వైద్యం చేయించుకున్న మీ అందరికీ ఈ కబురు చేరే ఉంటుంది. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

డ్యూటీ నుంచి వచ్చి, నిలబడే, గిన్నెలోనే చారన్నం కలుపుకుని తినేది. "కూర్చోవే" అంటే "కూర్చుంటే మళ్ళీ లేవలేనమ్మా" అనేది.

డాక్టరు చదువు చదివింది కిర్గిజ్‌స్తాన్‌లో. రెండో ఏడు చదువుతుండగా అక్కడ గొడవలు రేగాయి. నేనప్పుడు గుంటూరులో ఉన్నాను. పదకొండింటికి ఫోన్ చేసింది.

"ఐదేళ్ళ కిందట పాత అధ్యక్షుణ్ణి తరిమేసి, ఈయన్ని జనమే కూర్చోబెట్టారమ్మా. ఈయనేమో పదవులు ఇంట్లోవాళ్ళకి పంచాడు, కరెంటు రేట్లు పెంచాడు. ఇప్పుడు ఆ జనమే ఆయన ఆఫీసు మీదికి పోతున్నారు. కాల్పులు జరుగుతున్నాయి."

"ఎవడి కుర్చీ ఎటు పోతే మనకెందుకే? తలుపేసుకుని కూర్చో."

"దెబ్బలు తగిలినవాళ్ళని మా ఆసుపత్రికి మోసుకొస్తున్నారు, కట్లు కట్టడానికి రమ్మన్నారు. గంటకో మిస్డ్ కాల్ ఇస్తాలే. మోగితే బతికున్నట్టే" అని నవ్వింది.

పన్నెండుకి మోగింది. ఒంటిగంటకి మోగింది. రెండుకి మోగలేదు. మూడుకీ లేదు. టీవీలో ఆ అధ్యక్షుడి ఆఫీసు కిటికీల్లోంచి పొగ. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఐదు దాటాక స్నేహితురాలి ఫోన్ నుంచి మాట్లాడింది. "ఛార్జింగ్ అయిపోయిందమ్మా." నోటికొచ్చినట్టు తిట్టాను.

మొన్న పదో రోజుకి ఆ స్నేహితురాలే షికాగో నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చింది. వంటింట్లో నా పక్కన నిలబడి చెప్పింది.

"ఛార్జింగ్ కాదాంటీ. కొంతమంది వార్డ్‌లోకి దూసుకొచ్చి, కాల్పులు జరిపిన పోలీసులెక్కడని వెతికారు. ఇది ఒక పోలీసు మీద దుప్పటి కప్పేసి అడ్డంగా నిలబడింది. ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టారు. 'మంచం మీదున్నవాడు నా పేషెంట్, అంతే' అంది. నేను పక్కనే ఉన్నా."

"అది నాతో చెప్పలేదేమే?"

"చెప్తే మీరు నెక్స్ట్ ఫ్లైట్‌కే రప్పించేస్తారని."

నిజమే, రప్పించేదాన్నే. చదువు అక్కడితో ఆగిపోయేది. మీకీ డాక్టరు ఉండేది కాదు.

ఆ గొడవల రాత్రే అధ్యక్షుడు విమానమెక్కి రాజధాని వదిలి పోయాడట. యూనిఫాంలో కనబడితే జనం చంపేస్తారని, నేను పంపిన గులాబీ రంగు స్వెటర్ ఆ పోలీసుకి తొడిగి పంపిందట మా అమ్మాయి. అతన్ని నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు కళ్ళు మూస్తే అతనే కనిపిస్తున్నాడు. మోచేతుల దాకే వచ్చే ఆడపిల్ల స్వెటర్‌లో, సన్నటి వానలో, గోడవారగా ఇంటికి నడిచిపోతూ.