రెండోసారి గీసిన అమ్మ

గచ్చిబౌలి ఫ్లైఓవర్ నీడలో బైక్ ట్యాక్సీ ఆపుకుని, సవారీ వచ్చేదాకా నర్సింగ్ ఫోన్‌లో వేలితో బొమ్మలు వేస్తుంటాడు. చెమటకు గీత జారుతుందని మాటిమాటికీ వేలు తుడిచి తుడిచి, కుడి తొడ మీద ప్యాంటు వెలిసిపోయింది. మొదట్లో ఫొటోల మీదే దిద్దేవాడు. "ఏంది తమ్మీ, అచ్చు దించుడేనా? నీ సొంతం ఏమన్న ఉందా?" అని బొమ్మల వాట్సాప్ గ్రూపు అడ్మిన్ శేఖర్ ఎగతాళి చేసేవాడు. ఆ మాట పట్టుకుని, చూడకుండా వేయడం నేర్చుకున్నాడు. మొన్న ఎండాకాలం పోయిన తల్లి యాదమ్మను ఏ ఫొటో చూడకుండా వేశాడు. అలిగితే ఒక పక్కకు లాగే ఆమె పెదవితో సహా దిగింది. దాన్ని గ్రూపులో పెట్టాడు.

"గిది ఏఐ బొమ్మ. నువ్వే గీస్తే వీడియో ఏది?" అంటూ శేఖర్ దాన్ని గ్రూపులోంచి తీసేశాడు.

"మళ్ల గీసి చూపిస్త అన్నా."

వీడియోకు ఫోన్‌లో జాగా చాలక, నర్సింగ్ పాత బొమ్మలన్నీ చెరిపేశాడు, అమ్మతో సహా. చేతికొచ్చిన బొమ్మ మళ్లీ రాదా అనుకున్నాడు. అందరూ చూస్తారని ఈసారి ప్రతి గీతా సాఫీగా లాగాడు.

"ఇగ నమ్మినం తమ్మీ. మస్తు ఎదిగినవ్," అని వీడియో చూసి శేఖర్ గ్రూపులో రాశాడు.

చప్పట్ల గుర్తులు వరసగా వచ్చాయి. నర్సింగ్ వేలు తుడుచుకుని పెదవి చెరిపాడు, గీశాడు, మళ్లీ చెరిపాడు. తెరలోంచి ఎవరో పెద్దావిడ అతన్ని మర్యాదగా చూస్తోంది.