నాయనమ్మ తోమిన తూటాలు

చింతపండుతో ఇత్తడి తోముతుంటే వచ్చే వాసనకు నాకు నాయనమ్మ గుర్తొస్తుంది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో, సిరిసిల్ల దారిలో రాస్తారోకో చేస్తున్న మా ఊరివాళ్ల మీద పోలీసులు తుపాకులు పేల్చారు. అక్కడ రాలిన ఖాళీ ఇత్తడి తూటాలను నాయనమ్మ కొంగులో ఏరుకొచ్చి తోమసాగింది. వాటిలో మళ్లీ మందు నింపి ఆ పోలీసులనే కాలుస్తుందనుకొని నేనూ హుషారుగా తోమాను.

విచారణకొచ్చిన అధికారి, "కాల్పులే జరగలేదట కదా?" అన్నాడు.

నాయనమ్మ మెరిసే తూటాలను ఆయన బల్ల మీద పోసింది. "మరి గివేంది సారూ? అడుగున కొట్టిన సర్కారు అచ్చరాలు గూడ కనవడేటట్టు తోమిన. కాయితం మీద రాసుకోండ్రి."

ఆయన రాసేదాకా ఆమె కదలలేదు. తనకు చదువు రాదు కనుక ఆ కాగితం నా చేతికిచ్చి, "గట్టిగ సదువు బిడ్డా, అందరు వినాలె" అంది.

ఇన్నేళ్లలో నేనింకేదీ అంత గట్టిగా చదవలేదు.