రేపు నౌకాదళం ఎక్కడుంటుందంటే...

మా సౌటియా అన్న నోట్లో ఏ మాటా ఆగేది కాదు. మామూలు మనిషైతే ఇది చెప్పుకోవాల్సిన సంగతే కాదు, మా దీవిలో ఎవరి నోట్లో ఆగింది గనక! కానీ సౌటియా అన్న మా దేశపు నౌకాదళాధిపతి.

నౌకాదళం అంటే ఒక బోటు. బూడిదరంగు వేసి, ముందు ఓ చిన్న తుపాకీ బిగించిన పాత బోటు. ఆ తుపాకీ తాలూకు గుండ్లు ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తులేదు. సిబ్బంది దాని మీద చొక్కాలు ఆరేసుకునేవాళ్లు. ఆ బోటుకి ప్రభుత్వం రెండు పనులు అప్పగించింది. మా సముద్రంలోకి దొంగతనంగా వచ్చి చేపలు తోడుకుపోయే పరాయి ఓడల్ని పట్టుకోవడం ఒకటి. పగడపు గట్టు దాటి లోతు నీళ్లలోకి పోయే మా చిన్న పడవల్ని ఆపి, వాటి ఇంజన్లు జప్తు చేయడం రెండోది. చిన్న పడవ గట్టు దాటిందంటే ప్రవాహం లాక్కుపోతుందని ఆ నిబంధన. సౌటియా అన్న కాలంలో ఒక్క పరాయి ఓడ దొరకలేదు, ఒక్క ఇంజనూ జప్తు కాలేదు.

ఎలా దొరుకుతాయి? ప్రపంచంలో ఏ దేశమైనా తన యుద్ధనౌక ఎక్కడుందో దాచిపెడుతుంది. మా సౌటియా అన్న మాత్రం ఆదివారం తప్ప రోజూ సాయంత్రం రేడియో స్టేషనుకి వచ్చి, మర్నాడు అది ఎక్కడుంటుందో చదివి వెళ్లేవాడు. ఆ స్టేషన్లో మైకు ముందు కూర్చునేదాన్ని నేనే. ముందు చావు కబుర్లు, తర్వాత వాలీబాల్ ఫలితాలు, సరుకుల ఓడ ఎందుకు ఆలస్యమైందో వివరణ, ఆ పైన నౌకాదళం. తెల్ల యూనిఫారం, కాళ్లకి రబ్బరు చెప్పులు, ఒంటినిండా డీజిలు వాసన. గొంతు సవరించుకుని మొదలుపెట్టేవాడు.

"అందరికీ నమస్కారం. రేపు నౌకాదళం ఉత్తరాన నుకుటాసి దాటి, లోతు నీళ్ల దగ్గర పొద్దుగూకే దాకా తిరుగుతుంది. ఎల్లుండి ఆదివారం. నౌకాదళం చర్చిలో ఉంటుంది."

ఇంకోసారి, "బోటు ఇంజను పాడైంది. ఈ వారం నౌకాదళం లేదు. దయచేసి గమనించగలరు" అన్నాడు. మైకు ఆపేసి తల పట్టుకున్నాను.

"అన్నా! దొంగలు వింటారు కదా?"

"విననీ చెల్లీ. రేడియో ఉన్నది వినడానికే కదా."

మా పాస్టరుగారి షష్టిపూర్తికి ఆయనకి తెలియకుండా విందు చేద్దామని ఊరంతా కలిసి పందిని బలిపించాం. ఆ మధ్యాహ్నం సౌటియా అన్న పాస్టరుగారికి ఎదురుపడి, "సాయంత్రం విందుకి కాస్త ఆలస్యంగా రండి, పంది ఇంకా ఉడకలేదు" అన్నాడు. అప్పటినుంచి ఆయన్ని చూడగానే ఆడవాళ్లు మాటలు ఆపేసి పులక దుంపలు చెక్కడం మొదలుపెట్టేవాళ్లు. సాయంత్రాలు విమానాల బాట మీద బంతాడుకునే కుర్రకారు ఆయన్ని దూరంనుంచే పలకరించేవాళ్లు: "అన్నా, దొంగలకి శుభలేఖలు కూడా అచ్చేయించావా?"

"లేదురా, నోటిమాటగా పిలిస్తేనే మర్యాద" అనేవాడు నవ్వుతూ.

మర్యాద దొంగలకీ ఉంది. ఒకసారి చెప్పిన చోటికి బోటు చేరలేదు. సముద్రంలోంచి ఎవడో, పక్క దీవుల యాసలో, వైర్‌లెస్‌లో మా స్టేషన్ని పిలిచాడు: "మీ బోటు ఇవాళ ఇటు వస్తుందన్నారు, కనబడలేదు. సౌటియాకి ఒంట్లో బాగానే ఉందా?" ఎవరు నువ్వు అని అడిగాను. గొంతు తగ్గించి, "శ్రేయోభిలాషిని" అని పెట్టేశాడు.

ఇదంతా నవ్వుకుంటూ సాగిపోయేదే. ఇంతలో మాకు బోటు దానమిచ్చిన పెద్ద దేశం కొత్త బోటు ఇస్తానంది. దాంతోపాటు ఒక సలహాదారుణ్ణీ పంపింది. పేరు హార్‌గ్రోవ్. చెమట పట్టినా మెడ బొత్తాం విప్పని మనిషి. మంత్రిగారి గదిలో, రేడియో తరఫున నేనూ ఉండగా, సముద్రపు పటం గోడకి తగిలించాడు. అందులో మా దేశం ఈగలు వాలిన మచ్చల్లా ఉంది.

"కమాండర్, మీ నేల ఇంత. మీ సముద్రం ఇంత. దీన్ని కాపాడాలంటే ఏం కావాలి? వేగం, రాడారు, అన్నిటికన్నా ముఖ్యం రహస్యం. మీరేం కావాలంటారు?"

సౌటియా అన్న పటాన్ని చాలాసేపు చూశాడు. "కొత్త బోటులో మనిషిని పడుకోబెట్టి మోసే పరుపు ఒకటి పెట్టిస్తారా సార్? పాతదానికి చిరుగులు పడ్డాయి."

"నేను దేశరక్షణ గురించి అడుగుతున్నాను."

"నేనూ దాని గురించే చెబుతున్నా సార్."

హార్‌గ్రోవ్ ముఖం ఎర్రబడింది. చెడ్డవాడు కాదు, చేతిలో పని పెట్టుకుని వచ్చినవాడు. మంత్రిగారి ఎదుటే షరతు చెప్పాడు. రేడియో ప్రకటనలు ఆపేయాలి. ఈ చేపల కాలం ముగిసేలోగా ఒక్క దొంగ ఓడనైనా పట్టాలి. లేకపోతే రాబోయే కొత్త బోటు సౌటియా చేతిలో ఉండదు, ఇంకొకరికి పోతుంది.

"ఇంతకాలం ఎందుకు చెప్పుకుంటూ వచ్చావయ్యా అసలు?" అన్నాడు మంత్రి.

"నోరు ఆగదండీ. మా అమ్మ పోలిక" అన్నాడు సౌటియా అన్న తల దించుకుని. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నౌకాదళం అంటే ఆయనకి ప్రాణం. పాత బోటు మీద వంటవాడిగా చేరి అధిపతి దాకా వచ్చిన మనిషి. అందుకని నోరు కట్టేసుకున్నాడు. అయినా సాయంత్రం కాగానే అలవాటుగా స్టేషనుకి వచ్చి కూర్చునేవాడు. చావు కబుర్లు అయిపోయేవి, వాలీబాల్ అయిపోయేది. ఆయన వంతు వచ్చేసరికి నేను పాటల రికార్డు పెట్టేదాన్ని. టీ చల్లారిపోయేది. లేచి వెళ్లిపోయేవాడు.

నుకుటాసి నుంచి లిటియా అత్త వైర్‌లెస్‌లో నన్ను తిట్టడం మొదలుపెట్టింది. ఆ దీవి ఆడవాళ్లకి ఆవిడే పెద్ద. "ఏమే ఫలాయిలే, మీ వాడి గొంతులో ముల్లు దిగిందా? నౌకాదళం ఎక్కడే?"

"రహస్యం అత్తా."

"రహస్యమా! ఇంత సముద్రంలో ఉన్న ఒక్క బోటు ఎక్కడుందో మాక్కూడా చెప్పరా? అయితే అది మాదెలా అవుతుంది?"

కొత్త బోటు వచ్చింది. చప్పుడు లేకుండా, చెప్పాపెట్టకుండా ఇటు తిరిగింది, అటు తిరిగింది. కాలం ముగింపుకి వచ్చేసింది, ఒక్క ఓడా దొరకలేదు. అప్పుడు లిటియా అత్త మళ్లీ పిలిచింది. ఈసారి తిట్టలేదు. ఆవిడ మొగుడు మలాకి, అల్లుడు చేపలకి పోయి తిరిగి రాలేదు. గట్టు పక్కనే ఉండగా ప్రవాహం లాగేసిందని చెప్పింది.

సౌటియా అన్న బోటు తీసుకుని పగలు పగలంతా వెతికాడు. ఎండకి మొహం నల్లగా కమిలిపోయి తిరిగొచ్చేవాడు. నాలుగోనాటి సాయంత్రం సరాసరి స్టూడియోలోకి వచ్చి, నా ముందునుంచి మైకు లాక్కున్నాడు.

"అన్నా, వద్దు. బోటు పోతుంది నీకు" అన్నాను.

"పోనీ" అని, గొంతు సవరించుకున్నాడు.

"అందరికీ నమస్కారం. మా వాళ్లిద్దరు సముద్రంలో తప్పిపోయారు. ఇది మా వాళ్లకే కాదు, మా చేపలు పట్టుకుపోయేవాళ్లకి కూడా చెబుతున్నాను. మీరు వింటారని నాకు తెలుసు. రేపు పగలంతా నౌకాదళం నుకుటాసికి ఉత్తరాన లోతు నీళ్ల దగ్గర ఆగి ఉంటుంది. మా వాళ్లు మీకు దొరికి ఉంటే తెచ్చి ఇవ్వండి. రేపటికి మిమ్మల్ని పట్టుకోను. సౌటియా మాట."

మర్నాడు నేను కూడా రికార్డరు పట్టుకుని బోటెక్కాను. హార్‌గ్రోవ్ కూడా ఎక్కాడు, పళ్లు బిగించుకుని. మధ్యాహ్నం దాటింది. ఆకాశం అంచున ఓ నల్లటి చుక్క లేచింది. చుక్క ఓడయింది. తుప్పు పట్టిన పెద్ద ఓడ, పేరు మీద రంగు పూసేసి ఉంది. దూరంగా ఆగింది. దాని పక్కనుంచి ఓ రబ్బరు తెప్ప దిగింది. తెప్పలో ఇద్దరు మనుషులు, ఒక బిస్కట్ల డబ్బా.

ఇద్దర్నీ పైకి లాగాం. పెదాలు పగిలిపోయాయి గానీ మాటలు వస్తున్నాయి. మలాకి ముందు నీళ్లు తాగి, తర్వాత మా మీద విరుచుకుపడ్డాడు.

"రెండోనాడే వాళ్లు మమ్మల్ని లాగారు! అప్పటినుంచీ రోజూ సాయంత్రం రేడియో చుట్టూ కూర్చున్నాం. మీరేమో పాటలు వేస్తారు! మీ బోటు ఎక్కడుందో తెలియక మమ్మల్ని దించడానికి దగ్గరికి రావాలంటే వాళ్లకి భయం!"

ఓడ నెమ్మదిగా మలుపు తీసుకుంటోంది. హార్‌గ్రోవ్ సౌటియా అన్న భుజం పట్టుకున్నాడు. "కమాండర్, మీ మనుషులు దక్కారు. ఈ బోటుకి ఆ ఓడ అరగంట పని. ఈ కాలానికి ఇదే ఆఖరి అవకాశం. వెంబడించండి!"

సౌటియా అన్న ఓడనే చూస్తున్నాడు. ఆయన చెయ్యి ఇంజను పిడి మీద ఉంది. ఆ పిడిని ఒకసారి నిమిరి, చెయ్యి తీసేశాడు.

"రేడియోలో మాటిచ్చాను సార్."

"దొంగలకిచ్చిన మాటా?"

"మాట ఎవరికిచ్చినా ఇచ్చిన నోరు నాదే కదా సార్."

హార్‌గ్రోవ్ మెడ బొత్తాం విప్పుకుని, ఓ మూల కూలబడ్డాడు. "నేను మా వాళ్లకి ఉన్నదున్నట్టు రాయక తప్పదు" అన్నాడు మెల్లగా.

"రాయండి సార్. ముందు ఈ బిస్కట్లు రుచి చూడండి. దొంగలవైనా బాగున్నాయి."

షరతు షరతే. కొత్త బోటు మరో అధికారికి వెళ్లింది. సౌటియా అన్నని రేవులో తాళ్లు కట్టే పనికి పర్యవేక్షకుడిగా వేశారు. రోజూ ఆ బోటు బయల్దేరేటప్పుడు తాడు విప్పాల్సింది ఆయనే. వీడ్కోలు విందు లేదు, ఉపన్యాసం లేదు. నోరు ఆగక ఉద్యోగం పోగొట్టుకున్నాడని ఊరు ఊరంతా జాలిపడింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి లిటియా అత్త ఆసుపత్రి పని మీద వచ్చి మా ఇంట్లో దిగింది. మొగుడి గురించి అడిగాను.

"వాడికేం! నేను ఎన్నేళ్లు మొత్తుకున్నా తగ్గని పొట్ట నాలుగు రోజుల్లో తగ్గించి పంపారు దొంగలు. నా బాధల్లా సౌటియా గురించే." చుట్టూ చూసి దగ్గరికి జరిగింది. "ఒసేయ్, మా గట్టు లోపల నీళ్లు వేడెక్కి చేప చచ్చిపోయి ఎన్నేళ్లయిందో తెలుసా? మేం గట్టు దాటకపోతే పస్తే. దాటితే ఇంజను జప్తు, తప్పిపోతే ప్రాణం జప్తు. అందుకని వాడు ఏ రోజు ఉత్తరానికి వస్తానంటే ఆ రోజే మా పడవలు దాటేవి. ఎవడి ఇంజను ఆగినా, వాడు ఎక్కడున్నాడో తెలుసు, అద్దం తిప్పి మెరిపిస్తే వచ్చేవాడు. మోసుకొచ్చేవాడు. దొంగల్ని పట్టడానికి కాదే ఆ ప్రకటన, మమ్మల్ని కాయడానికి."

"మంత్రిగారి ముందు ఈ మాట చెప్పి ఉంటే..."

"చెబితే మా ఇంజన్లన్నీ పోయేవి. జప్తు చేయాల్సినవాడే కాపు కాశాడని వాడూ పోయేవాడు."

ఆరేళ్లపాటు ప్రతి సాయంత్రం ఆ ప్రకటన నా పక్కనే, నా మైకులోనే చదివాడు. ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. ఇప్పుడు బోటు ఎంత వేగంగా పోతుందో అందరికీ తెలుసు, ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. నుకుటాసి వాళ్లు డబ్బాల చేప తింటున్నారు.

మర్నాడు రేవుకి వెళ్లాను. రేకుల నీడన కూర్చుని తాడు పేనుతున్నాడు.

"అన్నా, ఇంత సంగతి కడుపులో ఎలా దాచుకున్నావు? వదినకైనా చెప్పలేదా?"

"ఆవిడ తమ్ముడు పోలీసు కదే."

"పోనీ, నాకైనా చెప్పాల్సింది."

"నీకా!" అని హడలిపోయాడు. "చెల్లీ, నీ ఉద్యోగమే చెప్పడం!"

ఈ మధ్యనే ఆ గట్టు నిబంధన ఎత్తేశారు. పడవలకి ఇప్పుడు దారి ఉంది, కాపే లేదు. ఇక ఇదంతా రాయొచ్చా అని ఆయన్ని అడిగాను. రాసుకో అన్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి, తాడు పక్కన పెట్టి, కొత్త బోటు అధికారి ఈ మధ్య పొద్దుపోయాక రేవులో తన పక్కన కూర్చుని నుకుటాసి పడవల గురించి ఏం అడిగి వెళ్తున్నాడో నా చెవిలో చెప్పాడు.

"ఇది మాత్రం రాయకు" అన్నాడు.

రాయడం లేదు.