స్టీరింగుకు కట్టిన ఎర్ర గుడ్డ

2011 అక్టోబరు, మంగళవారం. తెలంగాణ బంద్. కోకాపేట షెడ్డులో ఉన్నవారు: నేను, పాత టిప్పర్ నడిపే డ్రైవరు, ఆయన భార్య. డ్రైవరు తమ్ముడు లేడు.

ఆ రోజు డైరీ పేజీ ఇలాగే మొదలవుతుంది. పని మొదలుపెట్టే ముందు ఎవరెవరున్నారో రాసుకోవడం బస్సు డిపో వర్క్‌షాపులో ముప్పై ఏళ్ల ఉద్యోగం నేర్పిన అలవాటు. లేనివాళ్ల గురించి ఎప్పుడూ రాయలేదు. ఆ చివరి మాట తర్వాత చేర్చాను. సిరా రంగు వేరుగా కనిపిస్తుంది.

రిటైరయ్యాక కోకాపేటలో రోడ్డు పక్కన చిన్న రిపేరు షెడ్డు వేసుకున్నాను. ఆ అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే బండి, పది టైర్ల పాత టిప్పర్. క్రషర్ నుంచి కంకర తెచ్చి, కొత్తగా లేస్తున్న టవర్ల దగ్గర పోసేవారు. ఒక వారం అన్న, ఒక వారం తమ్ముడు నడిపేవారు. తమ్ముడు తన కొడుకుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి పాలమూరు వైపు వాళ్ల ఊరికి వెళ్లాడు. సమ్మెలో బస్సులు లేవు, ఎప్పుడొస్తాడో తెలియదు.

పొద్దున అన్న బండిని మెల్లగా తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.

"ఉస్తాద్, బ్రేకు తొక్కితే పాములెక్క బుస కొడుతుంది. గాలి నిలుస్తలేదు."

ఆయనను పెడలు తొక్కి పట్టమని చెప్పి నేను కిందికి దూరి సబ్బు నీళ్లు పోశాను. వెనక ఇరుసు మీద రెండు చక్రాల దగ్గరా బుడగలు లేచాయి. చక్రానికి బ్రేకు వేసే గాలి డబ్బాలో ఒక రబ్బరు పొర ఉంటుంది. పాత బండ్లలో అది ఎండిపోయి చిరుగుతుంది. రెండూ చిరిగాయి. కొత్తవి బాలానగర్‌లో దొరుకుతాయి గానీ, బంద్ కాబట్టి దుకాణాలు తెరవలేదు.

అలాంటప్పుడు చేసే పని ఒకటుంది. కారుతున్న చక్రానికి వెళ్లే గొట్టం విప్పి, నట్టులో ఒక బిళ్ల పెట్టి బిగిస్తాం. ఆ చక్రానికి బ్రేకు ఉండదు, మిగతా చక్రాలకు గాలి నిలుస్తుంది. ఖాళీ బండిని మెల్లగా ఇంటికి చేర్చడానికి అది చాలు. లోడుకు చాలదు.

"ఏం బిళ్ల పెడతవ్ ఉస్తాద్?"

"పావలా బిళ్ల. మొన్ననే చెల్లకుండ చేసిన్రు గద."

గుమ్మం దగ్గర ఉల్లిగడ్డలు తరుగుతున్న ఆయన భార్య తలెత్తింది. "చెల్లని పైసలు పెడితే బండి ఒప్పుకుంటదా?"

"నీ మొగుణ్నే ఒప్పుకున్నది. బిళ్ల ఎంత?" అన్నాను. ఆమె నవ్వి, కత్తిపీట ముందుకు జరుపుకుంది.

మా షెడ్డులో నేను పెట్టిన పద్ధతి ఒకటుంది. చక్రానికి గాలి ఆపితే స్టీరింగుకు ఎర్ర గుడ్డ కట్టాలి. గొట్టం మళ్లీ కలిపిన మనిషే దాన్ని విప్పాలి. ఒక బండిని ఇద్దరు నడిపేచోట, చెప్పాల్సినవాడు మరిచిపోవచ్చు. తమ్ముడికి ఆ పద్ధతి బాగా తెలుసు, గుడ్డ ఉంటే బండి ముట్టేవాడు కాదు. నేనే గుడ్డ కట్టి డైరీలో రాశాను: వెనక ఇరుసు, రెండు చక్రాలకు గాలి ఆపాను. ఎర్ర గుడ్డ కట్టాను. పదకొండు గంటలు.

రాసినప్పుడు అది నిజం.

మధ్యాహ్నం షెడ్డు ముందు కూడలిలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని, దారి ఆపడం. మాదాపూర్ పోవాల్సిన క్యాబులు దూరంగా ఆగిపోయాయి. అడ్డా కూలీలు వచ్చారు, సెక్యూరిటీ డ్రెస్సు విప్పకుండానే కొందరు వచ్చారు. అన్నం బాధ్యత డ్రైవరుది. నేనూ పొయ్యి దగ్గర చేరాను. అన్నం ఉడికింది, వెంటనే గంజి వంచాలి. గుండిగ కాలిపోతోంది. డ్రైవరు తువ్వాలు ఒకవైపు పట్టుకోవడానికే సరిపోతుంది.

"ఇంకో గుడ్డ తే బిడ్డా, జల్ది! అన్నం ముద్దయితది!" అని అరిచాను.

దగ్గరలో ఉన్నది బండే. ఆయన పరుగెత్తి వెళ్లి గుడ్డ తెచ్చాడు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని గంజి వంచాం. గుడ్డ ఎర్రగా ఉండటం చూశాను. చెయ్యి కాలడం లేదన్నది తప్ప మరేమీ తోచలేదు. తర్వాత గంజిలో తడిసిన ఆ గుడ్డను పిండి, షెడ్డు తీగ మీద నేనే ఆరేశాను.

భోజనాలు సగంలో ఉండగా పోలీసులు వచ్చి కొందరిని వ్యానెక్కించారు. డ్రైవరు చేతిలో గరిటెతోనే ఎక్కాడు.

"ఉస్తాద్, తమ్ముడొస్తే బండి సంగతి చెప్పు!"

"ఫికర్ చెయ్యకు! గుడ్డ ఉన్నది గద!" అన్నాను.

ఆయన భార్య వ్యాను వెంబడే స్టేషనుకు వెళ్లి, తెల్లవారేదాకా అక్కడే కూర్చుంది. నేను సాయంత్రం ఇంటికి వెళ్లి పేజీ పూర్తిచేశాను. గంజి వంచిన సంగతి రాశాను. గుడ్డ ఆరేసిన సంగతి కూడా రాశాను. రాస్తున్నప్పుడైనా తట్టలేదు.

మర్నాడు ఏడు గంటలకు షెడ్డుకు వెళ్లేసరికి బండి లేదు. పక్కన టీ కొట్టు ఆయన చెప్పాడు.

"తమ్ముడు పొద్దుగాలనే వచ్చిండు ఉస్తాద్. దొరికిన బండి దొరికినట్టు ఎక్కి వచ్చిండట. స్టీరింగు చూసి, గుడ్డ లేదు, ఉస్తాద్ పని ఖతం చేసిండని ఖుషీ అయిండు. కంకరకు పోయిండు."

తీగ మీద గుడ్డ ఉంది. ఫోన్ చేశాను, ఎత్తలేదు. గుడ్డ లాక్కుని క్రషర్ దారి పట్టాను.

రింగు రోడ్డు దగ్గర వాలు దిగేచోట బండి కంకర లోడుతో బండరాళ్లకు గుద్దుకుని ఉంది. రోడ్డుకు అవతలివైపు కూలీల రేకుల గుడిసెలు. వాటి మీదికి పోకుండా రాళ్లవైపు తిప్పాడని చూసినవాళ్లు చెప్పారు. అతన్ని బయటికి తీసి నేల మీద పడుకోబెట్టారు. ప్రాణం లేదు. ముఖమంతా తెల్లటి కంకర దుమ్ము.

అన్న స్టేషను నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. ముందు బండి ఎక్కి స్టీరింగు చూశాడు.

"గుడ్డ కట్టినం గద ఉస్తాద్. కట్టినం గద."

"నేనే తెమ్మన్న బిడ్డా. గంజి వంచనీకి."

తెచ్చింది తన చేతులేనని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. దిగివచ్చి నా చేతిలోని గుడ్డ తీసుకున్నాడు. గంజికి అది అట్టలా బిరుసెక్కింది. రెండు చేతుల మధ్య నలిపి నలిపి మెత్తగా చేసి, తమ్ముడి ముఖం మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.