చెల్లెలి కొట్లో ఫ్రిజ్

క్రెడిట్ కార్డు విషయంలో నా అంత జాగ్రత్త మనిషి మా ఆఫీసులో లేదని నాకు గర్వం. బిల్లు రావడమే ఆలస్యం, పైసా మిగల్చకుండా మొత్తం కట్టేసేదాన్ని. ఎవరైనా కొత్తగా కార్డు తీసుకుంటే పిలవకుండానే వెళ్లి, "అప్పు మాత్రం వద్దు, ఎవరికీ మంచిది గాదు" అని క్లాసు పీకేదాన్ని. మా చెల్లెలికైతే ఈ పాఠం కంఠతా వచ్చు.

అలాంటి నేను కార్డు తీసుకెళ్లి దాని మొగుడి చేతిలో పెట్టాను.

వాళ్లకి రెజిమెంటల్ బజార్‌లో చిన్న కిరాణా కొట్టు ఉంది. ఎండాకాలం రాబోతోంది, ఫ్రిజ్ ఉంటే పాలు, పెరుగు, కూల్‌డ్రింకులు పెట్టుకోవచ్చని ఆశ. మరిదికి ఏ బ్యాంకూ కార్డు ఇవ్వలేదు. చెల్లెలు నోరు తెరిచి అడగనైనా లేదు, మా ఇంట్లో కూర్చుని టీ గ్లాసు వైపు చూస్తూ ఊరుకుంది. నాకది చాలు. మొహమాటానికి పోతే కడుపయ్యిందని ఊరికే అన్నారా! "నా కార్డు మీద తీస్కోండ్రి, నెల నెల కట్టుకోండ్రి" అనేశాను. కార్డు లిమిట్ అంతా ఫ్రిజ్‌కే సరిపోయింది. కార్డు తిరిగి నా పర్సులోకి వచ్చాక, బాకీ తీరేదాకా ముట్టకూడదనుకున్నాను.

మరిది మాట తప్పలేదు. ప్రతినెలా "బిల్లు కట్టేసిన వదినా" అని స్క్రీన్‌షాట్ పంపేవాడు. నేను అదీ, నాకొచ్చే బిల్లూ తెరిచి చూసేదాన్ని కాదు. చూస్తే అనుమానించినట్టు ఉంటుందని అదొక మొహమాటం.

ఏడాది దాటాక మిక్సీ కొనడానికి వెళ్లి, ఈపాటికి బాకీ తీరి ఉంటుందన్న ధీమాతో ఆ కార్డే ఇచ్చాను. "లిమిట్ లేదు మేడం" అన్నాడు కౌంటర్లో మనిషి. వెనకున్నవాళ్లంతా నన్నే చూస్తున్నారనిపించి తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చి బిల్లు తెరిచాను. ఏడాది పొడుగునా కట్టిందంతా దాదాపు వడ్డీకే పోయింది. అసలు ఎక్కడిదక్కడే ఉంది.

నేరుగా కొట్టుకి వెళ్లాను. బేరాల వేళ, కాస్త ఆగాల్సింది. "ఏడాది సంది ఏం కడుతున్నవయ్యా? నా ఇజ్జత్ తీసినవ్!" అని అందరి ముందూ అరిచాను.

అతను గాభరాగా ఫోన్ తీశాడు. "కడుతనే ఉన్న గద వదినా! మినిమం ఇంత కట్టాలె అని బ్యాంకోళ్లే చూపిస్తున్రు, గదే కట్టిన. ఒక్క నెల సుత తప్పలే."

కిస్తీ అనుకున్నాడు పాపం. మినిమం కడితే ఆలస్య రుసుము మాత్రమే తప్పుతుందని, మిగతా దాని మీద వడ్డీ నడుస్తూనే ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆఫీసంతా క్లాసులు పీకిన నేనూ చెప్పలేదు. చెల్లెలు చక్కెర తూస్తూ తలెత్తనే లేదు.

నెల తిరక్కుండా ఫ్రిజ్ అమ్మేసి, ఎక్కడెక్కడివో కలిపి మొత్తం కట్టేశారు. ఆ తర్వాత చెల్లెలు మా ఇంటి గడప తొక్కలేదు. ఒకసారి మోండా మార్కెట్‌లో నన్ను చూసి కూడా ఆకుకూరల వరస వైపు తిరిగిపోయింది. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్లూ మండింది. కార్డు నాది, పేరు నాది, చివరికి చెడ్డదాన్నీ నేనేనా?

ఎంతైనా ఒక్కగానొక్క చెల్లెలు. నేనే దిగొచ్చి, పోయిన ఆదివారం పాలు కొనే వంకతో కొట్టుకి వెళ్లాను. ఫ్రిజ్ ఉండే చోట థర్మాకోల్ పెట్టె ఉంది. ఐసు కరిగిన నీళ్లల్లో పాల ప్యాకెట్లు తేలుతున్నాయి. కొట్లో చెల్లెలు ఒక్కతే ఉంది. రెండు ప్యాకెట్లు అడిగాను. చేతిలో ఉన్న డబ్బులిచ్చాను, పది రూపాయలు తక్కువయ్యాయి, ఫోనేమో ఇంట్లో ఛార్జింగ్‌లో ఉండిపోయింది. లోపల్లోపల సంతోషమే వేసింది. ఆ పది ఇచ్చే సాకుతో మళ్లీ రావచ్చు.

"సాయంత్రం తెచ్చిస్త తియ్యే" అన్నాను.

"అప్పు వద్దక్కా" అంది. "ఎవరికీ మంచిది గాదు."

ఒక ప్యాకెట్ తీసి మళ్లీ పెట్టెలో వేసి, రావాల్సిన చిల్లర నా చేతిలో లెక్కపెట్టింది.