పదిహేడు ఖాళీ గళ్లు

ఎనభైలలో హిందూపురంలోని ఒక చిన్న ఆఫీసులో నాకు తొలి ఉద్యోగం. ఒక గది, ఒక కంప్యూటర్, గణాంకాల ప్రోగ్రాము ఉన్న రెండు ఫ్లాపీలు. ధర్మవరం మగ్గాల వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి ఒక నర్సమ్మ నింపిన కాగితాలను టైపు చేయడం నా పని. ఒక్కో ఇంటికి ఒక్కో వరుస, అంకెకూ అంకెకూ మధ్య ఒక స్పేసు. ఇంటి నంబరు, మనుషులు, మగ్గాలు, ఉన్న పిల్లలు, చనిపోయిన పిల్లలు, నీళ్ల కోసం నడిచే అడుగులు. కొత్త కుళాయి ఏ వీధికి వేయాలో పెనుకొండ మీటింగులో ఆ పట్టిక చూసి తేలుస్తారు.

నూట నలభై ఇండ్లు టైపు చేశాను. ప్రోగ్రాము నూట ఇరవై మూడే చదివింది. పైగా ఒక ఇంట్లో రెండువందల మంది పిల్లలు చనిపోయారని చూపింది.

ఫ్లాపీ మార్చాను. ఫైలును మళ్లీ ఎక్కించాను. చివరికి తెరమీది వరుసలను కాగితాలతో ఒక్కొక్కటే పోల్చాను. పదిహేడు కాగితాల్లో చనిపోయిన పిల్లల గడి ఖాళీగా ఉంది. అక్కడ నేను స్పేసు కొట్టి ముందుకు పోయాను. ప్రోగ్రాముకు వరుసగా రెండు స్పేసులున్నా ఒక్కటిగానే లెక్క. నీళ్ల అడుగులను పిల్లల గడిలో వేసుకుంది. వరుసకు ఒక అంకె తక్కువైతే కింది వరుస నుంచి లాక్కుని, ఆ కింది ఇంటిని పూర్తిగా వదిలేసింది.

పెనుకొండలో ఉండే మా పెద్దసారుకు ఫోన్ చేశాను.

“ఖాళీ అంటే సున్నానే కదప్పా! కొట్టి పడేయి. సోమవారం మీటింగు పెట్టుకొని ఇంకా ఏం చూస్తాండావు?” అన్నారు.

కొట్టేవాడినే. కానీ మిగతా కాగితాల్లో అదే గడిలో, అదే చేతిరాతలో, గుండ్రంగా సున్నాలున్నాయి. సున్నా రాసే అలవాటున్న మనిషి ఈ పదిహేడు చోట్ల ఎందుకు ఆగింది?

మర్నాడు ప్యాసింజరెక్కి ధర్మవరం పోయాను. నర్సమ్మ కాగితాలు చూడగానే గుర్తుపట్టింది.

“ఆ తల్లులు నా ముందరే కూచోనుండ్రి, ఒళ్లో ఇంగో బిడ్డను పెట్టుకొని. పోయిన బిడ్డల్ని వాళ్ల కండ్ల ముందర అంకెలేసి రాయకూడదప్పా, ఉన్న బిడ్డకు మంచిది కాదంటారు. ఇంటికి పోయినాక రాద్దామనుకుంటి. ఆ సాయంత్రమే మీ జీపొచ్చి కాగితాలు ఎత్తుకపాయ.”

“ఖాళీ ఉంటే మిషన్ తప్పు చదువుతుందమ్మా.”

“అంత పెద్ద మిషన్‌కు ఖాళీ గడి అర్థం కాదా? ఆ వీధుల్లో ఏ ఆడదాన్నడిగినా చెప్తాది.”

పెన్ను ఇస్తే తీసుకోలేదు. “నువ్వే రాసుకో. పైకి చదవద్దు” అంది.

నేను ఇంటి నంబరు చూపాను, ఆమె వేళ్లు చూపింది. ఒకటి. రెండు. ఒకటి. ఒక ఇంటికి నాలుగు వేళ్లెత్తి చాలాసేపు దించలేదు. పదిహేడులో పదకొండు ఇండ్లు రైలుకట్ట పక్క వీధివే.

ఆదివారం ఆ అంకెలు టైపు చేశాను. నూట నలభై ఇండ్లూ చదివింది. తప్పని ఏమీ చూపలేదు.

సోమవారం పెనుకొండలో పెద్దసారు పట్టిక అందుకున్నారు. “ఈ వీధిలో ఏందప్పా, ఇంతమందా?”

“అవి సున్నాలు కావు సార్.”

ఆయన పట్టికను ఫైల్లో పెట్టకుండా చేత్తోనే పట్టుకొని మీటింగులోకి పోయారు. మధ్యాహ్నం దాటాక బయటికొచ్చి, “కుళాయి కట్ట పక్క వీధికే” అన్నారు.